గడకర్రకి అందని రేవు

దగ్గరికి జరగండర్రా. చంటీ, నీ కాలు దాని పొట్ట మీంచి తియ్యి. వేణీ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే వాడికేం మిగుల్తుందే? ఆఁ, అలా. ఇంక నేను చెప్తూ ఉంటాను, మీరు ఊ కొడుతూ ఉండాలి. ఊ ఆగిందంటే నేనూ ఆగుతాను, తర్వాత ఏమైందని నన్నడగొద్దు.

అనగనగా, అనీ అనీ మాటలు అరిగిపోయినంత కాలం కిందట, ఒక పేద్ద ఏరు. ఊరు కాదర్రా, ఏరు. అన్ని కథలూ ఊళ్ళో మొదలవుతాయి, ఇది నీళ్ళ మీద మొదలవుతుంది. ఆ ఏటి మీద ఒక పడవ. ఆ పడవలో ముగ్గురు మనుషులు. అత్త పైడమ్మ, కొడుకు ఎర్రయ్య, కోడలు ముత్యాలు. ఆ దేశానికి రాజున్నాడా అంటే ఉన్నాడు. కానీ ఈ కథలో ఆయనకి పనేం లేదు, అంతఃపురంలో హాయిగా పడుకున్నాడు, లేపకండి.

వాళ్ళకి ఇల్లంటే ఆ పడవే. వంట పడవలోనే, పడక పడవలోనే, పెళ్ళీ పురుడూ పడవలోనే. పొద్దున ఒక రేవులో కళ్ళు తెరిస్తే పొద్దుగూకే వేళకి ఇంకో రేవులో అన్నం తినేవాళ్ళు. ఈ ఊరి ఉప్పు ఆ ఊరికి, ఆ ఊరి కుండలు ఈ ఊరికి, మళ్ళీ ఉప్పు, మళ్ళీ కుండలు. తెల్లారగట్ల ఏటి మీద మంచు పట్టిందంటే గట్లు కనపడవు, చెట్లు కనపడవు. పడవ మబ్బులోంచి పోతోందో నీళ్ళ మీద పోతోందో తెలిసేది కాదు. కొంగలు తెల్లగా వచ్చి తెల్లదనంలోకే పోయేవి. ఊ కొడుతున్నారా?

పైడమ్మకి అన్నీ ఉన్నాయి. మంచి కొడుకున్నాడు, చురుకైన కోడలుంది, ఒంట్లో ఓపికుంది. ఒక్కటే లేదు. గడప లేదు. శుక్రవారం పూట రేవు పక్క ఇళ్ళల్లో ఆడవాళ్ళు గడప కడిగి, పసుపు రాసి, వరసగా బొట్లు పెట్టుకుంటూ ఉంటే, ఈవిడ పడవలోంచి చూస్తూ కూచునేది. పడవకి గడపెక్కడిది? పడవ ముక్కుకే పసుపు రాసేది. రాసి చెయ్యి తుడుచుకునేలోపు ఏటి నీళ్ళు కడిగేసేవి. అరవై ఏళ్ళు రాసింది, అరవై ఏళ్ళూ కొట్టుకుపోయింది. నా ప్రాణం పోయేలోగా ఒక్క గడపకి పసుపు రాయాలిరా నాయనా, పొద్దున రాస్తే సాయంత్రం దాకా ఉండాలి, అనేది కొడుకుతో. ఆ మాట విన్నప్పుడల్లా ఎర్రయ్యకి అన్నం సయించేది కాదు.

ఇలా ఉండగా శోభనాద్రి అని ఒకాయన వచ్చాడు. నేలలు కొని నేలలు అమ్మే మనిషి. వెంకటగిరి జరీ కండువా, చేతిలో వెండి పొన్ను కర్ర, నోట్లోంచి మాట వస్తే పానకంలా కారేది. రావయ్యా ఎర్రయ్యా, నీ కోసమే ఒక స్థలం దాచి ఉంచాను, అని పడవెక్కి దారి చూపించాడు. పోయారు పోయారు, ఏరు మలుపు తిరిగిన చోట ఆపమన్నాడు.

అబ్బ, ఏం చోటనుకున్నారు! గాలి కావాలా, గాలుంది. నీడ కావాలా, మామిడి నీడుంది. పచ్చిక కావాలా, పరుపులాగా ఉంది. అన్నిటికన్నా ఎర్రయ్యకి నచ్చిందేమిటంటే ఆ రేవు. పడవ బురదలో దిగబడకుండా, కిందెక్కడా తగలకుండా, జారుకుంటూ పోయి నేరుగా గట్టుకి ఆనుకుంది. పైడమ్మ చీర కుచ్చెళ్ళు తడవకుండా పడవలోంచి ఒక్క అడుగేసి పచ్చిక మీదకి దిగింది. పడవ వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి చెప్పండి? ఏ రేవుకెళ్ళినా మోకాలి బురదలో దిగి తాడు లాగాల్సిందే కదా. ఇక్కడ మహారాణిలా దిగొచ్చు.

ధర ఎంతంటే, శోభనాద్రి పెదవి విరిచి, నీ దగ్గర ఎక్కువేం అడుగుతానయ్యా, ఆ పడవ ఇచ్చి ఈ నేల పుచ్చుకో అన్నాడు. పైగా, పక్క ఊరివాళ్ళు డబ్బు సంచులు పట్టుకుని కూచున్నారు, పున్నమికి తాంబూలాలు మార్చుకుని బేరం ఖాయం చేసుకోకపోతే నన్నేమీ అనొద్దు అన్నాడు. పున్నమి ఇంకో వారంలో ఉంది. ఎర్రయ్య కాళ్ళు నేల మీద ఆనలేదు. సరేనని అక్కడికక్కడే చెయ్యి కలిపేశాడు. పైడమ్మ అప్పుడే చీపురుపుల్లలు పాతి, ఇక్కడ వంటిల్లు, ఇక్కడ పొయ్యి, ఇదిగో ఇక్కడ గడప, అని చూపించుకుంటోంది.

ముత్యాలు ఒక్కతే మాట్లాడలేదు. ఆ పిల్ల మాట్లాడకపోతే లోపల ఏదో ఆలోచన నడుస్తోందని అర్థం. మీ అమ్మ కూడా అంతే, చిన్నప్పుడు.

ఆ సాయంత్రం పడవలో గంజి పోస్తూ మెల్లిగా అడిగింది. పెళ్ళైన కొత్తలో మొగుడే చెప్పాడట, వాళ్ళ నాన్న అతనికి పడవ పని నేర్పినప్పుడు మూడేళ్ళు ఒట్టి నీళ్ళు తోడించాడని, ఆ తర్వాతే పడవ తోసే గడకర్ర ముట్టుకోనిచ్చాడని. ఆ సంగతి గుర్తుచేసి ఇలా అంది.

"నీళ్ళ కోసం మూడేళ్ళు ఓనమాలు దిద్దావు మావా. నేల కోసం మూడు రోజులైనా దిద్దుకోవద్దా? మనింట్లో ఇంతవరకూ ఎవరూ నేల కొన్నవాళ్ళు లేరు."

ఎర్రయ్య నవ్వేశాడు. నేలలో ఏముంది చదవడానికి, ముందుకీ పోదు వెనక్కీ పోదు, తుఫాను లేదు సుడిగుండం లేదు, పడి ఉంటుంది అన్నాడు. పైడమ్మ మాత్రం నవ్వలేదు. మూతి ముడుచుకుంది. అరవై ఏళ్ళకి గడప దొరకబోతుంటే కోడలు అడ్డం పడుతోందని ఆవిడ బాధ. ఆ రోజు నుంచి ముత్యాలుతో మాట మానేసింది. ఉప్పు కావాలన్నా కొడుకు చేతే అడిగించేది. ఎంత చిన్న పడవ, అందులో మాటల్లేకుండా ముగ్గురు. ముత్యాలుకి ఎంత ఏడుపొచ్చి ఉంటుందో చూడండి. అయినా మూడు రోజులు గడువిమ్మని మొగుణ్ణి ఒప్పించుకుంది.

మొదటిరోజు ఏం చేసింది? నేల దగ్గరికి పోలేదు. పక్కనున్న చేలోకి పోయింది. అక్కడొక ముసలావిడ మిరపకాయలు కోస్తోంది. ముత్యాలు తనూ ఒడి కట్టుకుని ఆవిడతో పాటు కోస్తూ, అవ్వా, ఆ మామిడిచెట్ల స్థలంలోంచి ఊళ్ళోకి దారెటు, అని అడిగింది. దారెక్కడుందే పిల్లా, మా చేలోంచే నడవాలి అందట ఆవిడ. మా ముసలాయన మంచివాడు గనక నడవనిస్తాడు, రేపు మా అబ్బాయి ఏమంటాడో నాకు తెలీదు, అని కూడా అంది. పడవ వాళ్ళకి దారంటే ఏరే కదర్రా. ఇంటికి దారుండాలన్న సంగతే ఇంతవరకూ వాళ్ళకి తోచలేదు.

రెండోరోజు ఆ అవ్వే చెప్పింది, మోచేతి లోతున గుంట తవ్వి, తవ్విన మట్టి మళ్ళీ అందులోనే పొయ్యి అని. గుంట నిండగా ఇంకా మట్టి మిగిలితే గట్టినేల, ఇల్లు మోస్తుంది. ముత్యాలు తవ్వింది, పోసింది. పోస్తోంది, గుంట నిండలేదు. కాలితో తొక్కి చూసింది, ఇంకా కిందకి దిగింది. మట్టి అయిపోయింది, గుంట మిగిలిపోయింది. ఊ కొడుతున్నారా? చంటీ, నువ్వు ముక్కుతో ఊ కొడితే నాకు వినపడదు.

మూడోరోజు. ఇదిగో, ఇప్పుడు దయ్యం వస్తుంది. భయపడకండి, ఇది మిట్టమధ్యాహ్నం దయ్యం, చుట్ట కాల్చే దయ్యం, మనుషుల జోలికి రాదు.

ఎండ తెల్లగా మండిపోతోంది. ఏరు కదలకుండా అద్దంలా పడుకుంది. మామిడాకు కూడా ఊగడం లేదు. ముత్యాలు గట్టు మీద కూచుని ఏటివైపు చూస్తే, నీళ్ళకి ఒక నిలువెత్తు పైన, ఒట్టి గాల్లో, ఒక ముసలాయన బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. కింద పీటా లేదు, మంచమూ లేదు. ఆయన నీడ మాత్రం నీళ్ళల్లో పడలేదు. ముత్యాలు లేచి పారిపోలేదు. తాతా, అక్కడ గాల్లో కూచున్నావేం, అని అడిగింది.

గాల్లో ఎందుకు కూచుంటానే, మా అరుగు మీద కూచున్నాను, అన్నాడాయన. పేరు తాతబ్బాయట. చుట్ట ఉందా అని అడిగాడు. ఎర్రయ్య చుట్టల కట్ట ముత్యాలు ఒళ్ళోనే ఉంది, అడక్కుండా తెచ్చింది లెండి. ఒక్కో చుట్టకి ఒక్కో మాట చెప్పాలని బేరం పెట్టింది. సరేనన్నాడు.

మొదటి చుట్టకి ఇల్లు చూపించాడు. ఇదిగో ఇది అరుగు, ఇవి నాలుగు స్తంభాలు, అది గొడ్లసావిడి, అదుగో ఆ నీళ్ళు నల్లగా కనపడుతున్న చోట నుయ్యి, అని ఒట్టి నీళ్ళ మీదకి వేలు చూపిస్తూ పోయాడు. చూపించే కొద్దీ ముత్యాలుకి నిజంగానే కనపడ్డట్టయింది. స్తంభాలు నీటి ఆవిరిలోంచి లేచినట్టు, సావిట్లో గొడ్లు మెడగంటలు ఊపినట్టు, ఎవరో నూతి దగ్గర గిలక తిప్పినట్టు. రెప్ప వేస్తే ఏమీ లేదు, ఏరే ఉంది.

రెండో చుట్టకి ఒక పాటలాంటిది చెప్పాడు. మీరూ నాతో అనండి. ఇల్లు దేని మీద నిలుస్తుంది? గోడల మీద. గోడలు దేని మీద నిలుస్తాయి? పునాది మీద. పునాది దేని మీద నిలుస్తుంది? మట్టి మీద. మట్టి దేని మీద నిలుస్తుంది? అక్కడ ఆగిపోయి, చుట్ట పొగ వదిలి, అదేనమ్మా నేను అడగనిది, అన్నాడు తాతబ్బాయి.

కట్టలో మిగిలిన ఆఖరి చుట్ట, మూడోది, అందుకుని వెలిగించుకున్నాడు. తర్వాత అన్నాడు.

"నేను కొన్ననాడు ఏరు అల్లంత దూరాన ఉంది. ఏరు ఎక్కడుందో చూశాను గానీ, ఎటు నడుస్తోందో ఎవర్నీ అడగలేదు. అడిగితే తెలియనివాణ్ణనుకుంటారని సిగ్గుపడ్డాను."

మరి ఎటు నడుస్తోంది తాతా, అని ముత్యాలు అడిగేసరికి చుట్టలైపోయాయి. నన్నెందుకు అడుగుతావు, నీ పడవలో గడకర్ర లేదా, అని నవ్వి పొగలో పొగలా కలిసిపోయాడు.

ముత్యాలు పరుగెత్తుకుంటూ పడవకి వచ్చింది. మొగుడికి చెప్పలేదు. మాట్లాడని అత్త దగ్గరికే పోయింది. పెద్ద గడ తెచ్చి అత్త చేతిలో పెట్టి, ఒక్కసారి గట్టు పక్కన దించి చూడమని బతిమాలింది. పైడమ్మ మొహం అటు తిప్పుకునే పుచ్చుకుంది. అరవై ఏళ్ళు గడ పట్టిన చెయ్యి అది. దించింది. గడ దిగింది. ఇంకా దించింది, ఇంకా దిగింది. ముంజేయి మునిగింది, మోచెయ్యి మునిగింది, గడ కొస వేళ్ళ దాకా వచ్చేసింది, అడుగు మాత్రం తగల్లేదు. గట్టుకి ఆనుకునే అంత లోతు. అప్పుడు గడని అడ్డంగా, గట్టు కిందకి తోసింది. గట్టు అడ్డం తగలాలి కదా? తగల్లేదు. గడ లోపలికి పోయింది. పైనేమో పచ్చిక, మామిడి నీడ, తను పాతిన చీపురుపుల్లలు. కిందంతా నీళ్ళే.

పైడమ్మ గడ పైకి లాగి, అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది.

"ఏరు దీన్ని తింటోందే ముత్యాలూ. పడవకి సుఖంగా ఉందని మురిశాను. లోతుగా కోసుకుంటూ వస్తోంది కాబట్టే పడవ ఆనింది. ఇంత తెలిసిన ముండనై ఉండీ, నేల అనేసరికి అన్నీ మర్చిపోయాను."

ఆవిడ ఏడ్చింది. ముత్యాలూ ఏడ్చింది. ఎర్రయ్యకి ఏం జరిగిందో అర్థం కాక ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అప్పుడు గడ అతని చేతికిచ్చారు. దించాడు. ఇంక ఏమీ అడగలేదు, శోభనాద్రికి కబురు పంపాడు, తాంబూలాలు వద్దని.

మరి గడప? అదే కదా మీ బెంగ. వేణి నిద్రపోలేదన్నమాట.

ముత్యాలు చెప్పింది, ఏరు ఈ గట్టు తింటోందంటే ఆ మట్టి ఎక్కడో పెడుతూ ఉండాలి కదా అని. మలుపుకి అవతలి ఒడ్డున ఒక చెడ్డ రేవుంది. పడవ వాళ్ళంతా తిట్టుకునే రేవు. గడ మోకాలి లోతులోనే నేలకి తగులుతుంది, పడవ దిగబడిపోతుంది, దిగి బురదలో పడుతూ లేస్తూ పోవాలి. అందుకే అటు ఎవరూ పోరు, అందుకే చవక. వీళ్ళు పోయారు. ఒడ్డున కొత్తగా వేసిన ఒండ్రు మీద ఆగలేదు, అది ఏరు ఇవాళ ఇచ్చింది, రేపు తీసుకోవచ్చు. ఇంకా లోపలికి, ఇంకా పైకి, నడుస్తూ నడుస్తూ ముసలి తాటిచెట్లున్న మెరక దాకా పోయారు. ఆ పక్క గుడిసె ముసలాయన్ని, పెద్ద వరద వచ్చిన ఏడు నీళ్ళెక్కడి దాకా వచ్చాయని అడిగారు. ఆయన మెరక దిగువనున్న ఒక మొద్దు చూపించాడు. దారుందా? ఉంది, బండి దారి. గుంట తవ్వి పూడిస్తే? దోసెడు మట్టి మిగిలింది. పైడమ్మ ఆ మిగిలిన మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

అప్పటికీ ముత్యాలు తొందరపడనివ్వలేదు. మూడు రోజులు ఊళ్ళో టముకు వేయించింది. తాటిచెట్ల మెరక పడవ వాళ్ళు కొంటున్నారహో, ఎవరికైనా హక్కుంటే వచ్చి చెప్పండహో, అని. మూడోరోజు ఒకాయన వచ్చి, ఆ కొసనుంచి మా గొడ్లు నీళ్ళకి పోతాయి, ఆ బాట మాత్రం కట్టేయకండి అన్నాడు. కట్టం అన్నారు. అంతే, ఇంకెవరూ రాలేదు. పడవ కూడా అమ్మలేదు. అన్నం పెట్టే పడవని ఇచ్చేసి నేల మీద కూచుని ఏం తింటామని ముత్యాలే అంది. చవక నేల గనక రెండు పర్యాయాలు ఉప్పు రవాణా చేసిన కూలితోనే సరిపోయింది. అనుకున్నదానికన్నా చిన్న ముక్కే. చిన్నదైతేనేం?

ఆషాఢం వచ్చింది. ఏటికి ఎర్రనీళ్ళు వచ్చాయి. ఒకరోజు పొద్దున్నే తాటిచెట్ల మెరక మీద నిలబడి చూస్తున్నారు ముగ్గురూ. అవతల మామిడిచెట్లు ఒక్కొక్కటే తలలూపుతూ, కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళిపోతున్నట్టు, నీళ్ళల్లోకి నడిచిపోయాయి. చప్పుడు కూడా ఆలస్యంగా వినపడింది. సాయంత్రానికి అక్కడ స్థలం లేదు. శోభనాద్రి ఈ ఒడ్డుకే వచ్చి, తలపట్టుకుని కూచున్నాడు. అతను మోసగాడు కాదర్రా పాపం. అతనికి అమ్మినవాడు ఏటిని అడగలేదు, వాడికి అమ్మినవాడూ అడగలేదు, వాడికి ముందువాడూ అడగలేదు. అందరూ తొందర తొందరగా ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటూ వచ్చారు. పైడమ్మ అతనికి మజ్జిగిచ్చి కూచోబెట్టింది. ఆ తర్వాత అతను నేల అమ్మాలన్నా కొనాలన్నా ముందు ముత్యాలు దగ్గరికి వచ్చి, అమ్మా, ఓనమాలు ఒకసారి చెప్పు, అనేవాడట. ఇల్లు కట్టుకున్నాక తాతబ్బాయిని కూడా పిలుచుకున్నారు. మా అరుగు మీద కూచో తాతా, ఇది నిజం అరుగు, అని. మధ్యాహ్నాలు వచ్చి కూచునేవాడు. భయపడ్డవాళ్ళు లేరు.

ఇల్లు లేచింది. ఒక్క గది, ఒక్క వంటిల్లు, ఒక్క అరుగు, ఒక్క గడప. శుక్రవారం పొద్దున పైడమ్మ తలారా స్నానం చేసి, గడప కడిగి, పసుపు రాసి, వరసగా బొట్లు పెట్టింది. పెట్టి, అక్కడే కూచుని కాపలా కాసింది, ఎవరైనా కడిగేస్తారేమోనన్నట్టు. మధ్యాహ్నమైంది, ఉంది. సాయంత్రమైంది, ఉంది.

మర్నాడు భోజనం చేసి ఆవిడ మొదటిసారి ఇంట్లో చాప పరుచుకుని నడుం వాల్చింది. అటు దొర్లింది, ఇటు దొర్లింది. కునుకు రాలేదు. పుట్టినప్పటి నుంచీ ఊగే పడవలో పడుకున్న మనిషి కదా. కాసేపటికి లేచి కూచుని, అరచేత్తో నేలని తడిమి చూసింది. ముత్యాలూ, ఇదేంటే, ఇది కదలదేం, అని పిలిచింది.

ముత్యాలు వచ్చి పక్కన కూచుంది.

"కదలదత్తా. ఇంక ఎప్పటికీ కదలదు. అందుకేగా ఆ మూడు రోజులూ నీ కోపం కాచుకున్నాను."

పైడమ్మ కోడలి ఒళ్ళో తల పెట్టుకుని, చెయ్యి నేల మీద ఆనించి ఉంచింది. ముత్యాలు మోకాలు మెల్లిగా ఊపుతూ కూచుంది, ఏరు ఊపినట్టే. కొంచెంసేపటికి ముసలమ్మ నిద్రపోయింది. బతికినన్నాళ్ళలో అంత నిద్ర ఎప్పుడూ పోలేదట.

అందుకని మీరు పెద్దయి ఎప్పుడైనా నేల కొంటే, ముందు చదువుకోండి. తెలియనిది అడగడానికి సిగ్గుపడకండి. పక్కవాళ్ళని అడగండి, దారిని అడగండి, మట్టిని అడగండి, నీళ్ళని అడగండి. తొందరపెట్టేవాణ్ణి కూచోబెట్టి మజ్జిగివ్వండి, అంతేగానీ తాంబూలం ఇవ్వకండి.

వేణీ? చంటీ? ఊ లేదు. సరే, కథ పడవెక్కి కంచికి పోయింది, ఇంక మనమూ మన నిద్రల్లోకి పోదాం.